మొదట విన్నవాళ్లు

2015 జూలై 14 ఉదయం గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంది. అదే రోజు, గుంటూరుకూ విజయవాడకూ నడుమ, జాతీయ రహదారి పక్కనే ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో, ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి హాస్టల్ గదిలో ప్రాణం తీసుకుంది. గోదావరి ఒడ్డున పోయినవాళ్ల లెక్క తొందరగానే తేలింది. ఈ పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుందో ఇప్పటికీ తేలలేదు.

ఆమె పేరు తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. ఆ ఏడాది పత్రికలకెక్కింది, ప్లకార్డుల మీదికెక్కింది, కొన్నాళ్లు ప్రతి నోటా నలిగింది. ఇక్కడ మాత్రం రాయను. లైంగికంగా హింస పడ్డవాళ్ల పేరు గుట్టుగా ఉంచాలని చట్టం చెబుతుంది. చట్టం చెప్పకపోయినా, ఆ పిల్లను మరోసారి పదిమంది నోళ్లలో పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఆమె పోతూ పోతూ కొన్ని మాటలు రాసిపెట్టింది. నవ్వడమంటే తనకెంత ఇష్టమో రాసింది. ఆ నవ్వు తనకెలా దూరమైందో, సీనియర్ల వేధింపులు తననెలా కుంగదీశాయో రాసింది. చదివినవాళ్లందరి గుండె అక్కడే ఆగింది. ఇంత వివరంగా కాగితం మీద చెప్పుకోగలిగిన పిల్లకు, అవే మాటలు నోటితో చెప్పుకోవడానికి ఆ ప్రాంగణంలో ఒక్క మనిషైనా దొరికి ఉంటే!

దొరకవలసిన మనుషులు చాలామందే ఉన్నారు. విశ్వవిద్యాలయం అప్పటికే 39 ఏళ్లది. క్లాసులో హాజరు పిలిచేవాళ్లున్నారు. మెస్‌లో కంచం పట్టుకుని నిలబడ్డ పిల్లల ముఖాలు రోజూ చూసేవాళ్లున్నారు. రాత్రి గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టించుకునేవాళ్లున్నారు. వార్డెన్ అనే పదవి ఉంది, ప్రిన్సిపాల్ అనే కుర్చీ ఉంది. చట్టాలకూ కరువు లేదు. ర్యాగింగును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. పనిచేసే చోట స్త్రీల మీద లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లో వచ్చింది, ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. కాగితం మీద చూస్తే ఆ అమ్మాయి చుట్టూ రక్షణే రక్షణ.

ఆ తరువాత ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి బాలసుబ్రహ్మణ్యం నాయకత్వంలో విచారణ కమిటీ వేసింది. ప్రాంగణంలో ర్యాగింగు వేళ్లూనుకుని ఉందనీ, కాలేజీని నడిపినవాళ్లు నిర్లక్ష్యం చేశారనీ కమిటీ తప్పుపట్టింది. ప్రిన్సిపాల్ పదవి పోయింది. ముగ్గురు సీనియర్లు అరెస్టయ్యారు. ఆ రోజుల్లోనే జరిగింది ఇంకొకటుంది. విశ్వవిద్యాలయానికి పది రోజులు సెలవులిచ్చారు. పిల్లలను హాస్టళ్లు ఖాళీ చేసి వెళ్లమన్నారు.

ఆ నిర్ణయం దగ్గర నాకు కాళ్లు కదలవు. గొడవలు పెరగకూడదని చేసి ఉంటారు. కానీ ఆ గదులలో ఉన్నవాళ్లెవరు? పక్క మంచం మీద పడుకున్నవాళ్లు. ఆమె ఏడ్చిన రాత్రి చూసినవాళ్లు. ఎవరు ఏమన్నారో చెవులారా విన్నవాళ్లు. అంత తల్లడిల్లిపోయి ఉన్న పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి మాటా నెమ్మదిగా విని, విన్నది విన్నట్టు రాసుకోవలసిన రోజులవి. వాళ్లు పెట్టెలు సర్దుకుని బస్సులెక్కి తలో ఊరికి వెళ్లిపోయారు. జ్ఞాపకం చల్లారిపోయింది. భయం మిగిలింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. 2024 నవంబరులో గుంటూరు కోర్టు ఆ కేసును కొట్టివేసింది. నేరం రుజువు కాలేదు. కోర్టుకు కావలసింది సాక్ష్యం, కన్నీళ్లతో దానికి పని లేదు. ఆ తీర్పును ఇక్కడ తప్పుపట్టడం లేదు. నా బాధ వేరు. సాక్ష్యమనేది కోర్టు మెట్ల దగ్గర పుట్టదు. ఒక పిల్ల మొదటిసారి నోరు తెరిచి చెప్పిన చోట, మొదట విన్న మనిషి దగ్గర పుడుతుంది. ఆ మనిషి తేదీ వేసి, టైము వేసి నాలుగు ముక్కలు రాసిపెడితే అది బతుకుతుంది. ‘సర్దుకుపోమ్మా, అందరూ పడేదే’ అని పంపించేస్తే అక్కడే ఆరిపోతుంది.

నాగార్జున తరువాత కూడా దేశం నిద్రపోయిందనడం అన్యాయమవుతుంది. 2016 మేలో యూజీసీ ఉన్నత విద్యాసంస్థల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అంతర్గత కమిటీకి మహిళే అధ్యక్షురాలై ఉండాలి, అధ్యాపకులతో పాటు బోధనేతర సిబ్బంది ఉండాలి, పిల్లల సంగతైతే పిల్లల ప్రతినిధులూ ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. సిబ్బందికి తరచూ అవగాహన కల్పించాలని కూడా అందులో ఉంది. మంచి నిబంధనలే. చదువుతుంటే ఎవరో తల్లి మనసుతో రాశారనిపిస్తుంది.

అయినా 2023 అక్టోబరులో హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో పిల్లలు ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. వాళ్లడిగింది ఆ కమిటీని తిరిగి నియమించమనే. ఆ ఆందోళన నడుస్తున్న రోజుల్లోనే, అదే ప్రాంగణంలో, ఒక విద్యార్థిని మీద లైంగిక దాడి జరిగింది. ప్రమాదం రాబోతోందని పిల్లలు గొంతు చించుకుని చెబుతుండగానే అది వచ్చేసింది. 2024 మార్చిలో విశాఖలో పాలిటెక్నిక్ చదివే ఒక అమ్మాయి హాస్టల్ భవనం మీది నుంచి దూకింది. దానికి ముందు ఇంటికి పంపిన సందేశంలో, తనను లైంగికంగా వేధిస్తున్నారనీ, ఫొటోలు తీసి బెదిరిస్తున్నారనీ, కాలేజీలో చెప్పుకున్నా లాభం లేదనీ రాసినట్టు పత్రికల్లో వచ్చింది. ఆ చివరి మాట చూడండి. చెప్పుకోవచ్చునన్న ఆలోచన ఆమెకు వచ్చింది. వచ్చి, కాలేజీలో ఉన్న ముఖాలన్నీ తలచుకుని, ఎవరూ లేరని తేల్చుకుంది.

ఇక 2025. ఒడిశాలోని బాలాసోర్, ఫకీర్ మోహన్ కాలేజీ. ఇరవై ఏళ్ల బీఈడీ విద్యార్థిని తన విభాగాధిపతి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. మనం పిల్లలకు చెప్పేదంతా ఆమె చేసింది. భయపడలేదు. దాచలేదు. కాగితం మీద పెట్టింది, కమిటీ ముందుకు వెళ్లింది, పైవాళ్లకు మొరపెట్టుకుంది. చర్య తీసుకోకపోతే తాను బతకనని కూడా చెప్పింది. జూలై 12న ప్రిన్సిపాల్ గదికి వెళ్లి మాట్లాడి బయటికొచ్చింది. కాసేపటికే కాలేజీ ఆవరణలో ఒంటికి నిప్పంటించుకుంది. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో రెండు రోజులు కొట్టుమిట్టాడి జూలై 14 రాత్రి కన్నుమూసింది. నాగార్జున అమ్మాయి పోయి ఆ రోజుకు సరిగ్గా పదేళ్లు.

ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో అటుంచుదాం. చనిపోతానని నోరు తెరిచి చెప్పిన పిల్ల గది దాటి వెళుతుంటే, వెంట ఒక మనిషిని పంపాలి. ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఎంత చిన్న పని! దానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు, పైనుంచి ఉత్తరువు రానక్కర్లేదు. ఒక అటెండరును లేపి ‘అమ్మా, ఆ పాప వెంట ఉండు’ అంటే చాలు. అది తోచడానికి కూడా ముందే ఎవరో నేర్పి ఉండాలి. విభాగాధిపతినీ ప్రిన్సిపాల్‌నూ ఆ తరువాత అరెస్టు చేశారు. ఆ తరువాత అనే మాటే ఈ కథలన్నిటిలోనూ వస్తుంది.

ఇదంతా రాయలసీమలోని కలికిరిలో కూర్చుని ఎందుకు తలచుకోవాలి? ఇక్కడ కూడా పిల్లలున్నారు కనుక. కలికిరిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2013లో వచ్చింది. శ్రీకాకుళం నుంచి, కర్నూలు నుంచి, పేరు విననైనా వినని పల్లెల నుంచి ఆడపిల్లలు పెట్టె, బకెట్టు పట్టుకుని దిగుతున్నారు. మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి నూరేళ్లు దాటింది. రవీంద్రుడు 1919లో మన జాతీయగీతాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ ఆవరణలోనే. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, వైద్య కళాశాల ఉంది. పుంగనూరు చుట్టుపక్కల ఇంటర్ పిల్లల హాస్టళ్లున్నాయి. చదువును నమ్ముకున్న సీమ ఇది. టమోటా ధర పడిపోయిన ఏడాది కూడా అప్పు చేసి కూతురి హాస్టల్ ఫీజు కట్టే తండ్రులున్న సీమ.

ఈ హాస్టళ్లలో ఎక్కడైనా, ఏదో ఒక రాత్రి, పదకొండు దాటాక, ఒక అమ్మాయి వణుకుతూ వచ్చిందనుకుందాం. ఎవరి దగ్గరికి వస్తుంది? కమిటీ అధ్యక్షురాలి ఇల్లు ఎక్కడో ఊళ్లో ఉంటుంది. ప్రిన్సిపాల్ తిరుపతిలోనో అనంతపురంలోనో ఉంటారు. ఆ వేళకు మెలకువగా ఉండేది ఆయమ్మ ఒక్కతే. లేదంటే గేటు దగ్గర వాచ్‌మన్. ‘ఏమైంది పాపా, ఈ టయంలో? ఏడుస్తా ఉండావే?’ అని అడిగేది ఆయమ్మే.

ఆయమ్మ చెడ్డది కాదు. ఆమె మనసు కరిగిపోతుంది. ఇంట్లో తన కూతురు గుర్తొస్తుంది. గబగబా నీళ్లు కాచి, ‘తలకు పోసుకో తల్లీ, మనసు కుదుటపడుతుంది’ అంటుంది. చినిగిన చుడీదారు తీసి బకెట్లో నానబెడుతుంది. దుప్పటి మార్చేస్తుంది. వేడిగా పాలు తాగిస్తుంది. పక్కనే కూర్చుని తల నిమురుతూ, ‘ఎవరికీ చెప్పొద్దు బంగారూ, పెళ్లి కావాల్సిన పిల్లవి’ అంటుంది. తెల్లారేసరికి అమ్మాయి నిద్రపోతుంది. ఆయమ్మ తాను చేయగలిగిందంతా చేశానన్న తృప్తితో డ్యూటీ దిగుతుంది.

ఆ రాత్రి ఆ ప్రేమ చేసిన ప్రతి పనీ ఒక్కొక్క సాక్ష్యాన్ని కడిగేసింది. నీళ్లతో ఒంటి మీది ఆనవాళ్లు పోయాయి. సబ్బు నురగలో బట్టల మీది మరకలు పోయాయి. దుప్పటి పోయింది. అన్నిటికంటే విలువైన గంటలు పోయాయి. ఆయమ్మను నిందించడానికి నాకు నోరు రాదు. ఆమెకు ఎవరు చెప్పారు గనుక? ఉద్యోగంలో చేరిన రోజు తాళాల గుత్తి ఇచ్చారు, రిజిస్టరు ఇచ్చారు, చీపురు ఇచ్చారు. ఇలాంటి రాత్రి వస్తే ఏం చేయాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఒక్క పూట చాలేది.

ఆ ఒక్క పూటలో చెప్పవలసింది ఇదీ. ముందు పిల్లను భద్రంగా ఉన్న గదిలో కూర్చోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. ‘ఎందుకెళ్లావు, ఆ బట్టలేంటి, వాడు నీకెట్లా తెలుసు’ అనే ప్రశ్నలు నోట్లోంచి రాకూడదు. ‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, తప్పు నీది కాదు’ అన్న మాట మొదట రావాలి. డాక్టరు చూసేదాకా స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా ఉంటే మంచిదని, ఎందుకో కారణంతో సహా మెల్లగా చెప్పాలి. అప్పటికే చేసేసి ఉంటే కంగారు పెట్టకూడదు, ఆసుపత్రికి వెళ్లడం మానకూడదు. తీసిన బట్టలను ఆరనిచ్చి కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవరులో పెడితే తేమకు పాడవుతాయి. జరిగిన చోటికి తాళం వేయాలి. పిల్ల ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలతోనే, టైము వేసి రాసిపెట్టాలి, ఒకే ఒక్కసారి. పదిమంది ముందు పదిసార్లు చెప్పించడమంటే పుండును పదిసార్లు గెలకడమే.

తరువాత ఆసుపత్రి. ఎఫ్‌ఐఆర్ ఉంటేనే చూస్తామనే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. సర్కారుదైనా ప్రైవేటుదైనా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షను చెబుతోంది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా పడితే అంత మేలు. గర్భం రాకుండా ఇచ్చే మాత్రకూ ఆలస్యం పనికిరాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం ఒంటి మీది ఆనవాళ్లు 96 గంటల దాకా సేకరించవచ్చు. పరీక్షకు పిల్ల ఒప్పుకోవాలి. ఒప్పుకోనన్నా వైద్యం ఆపకూడదు. రెండు వేళ్ల పరీక్ష అనే అమానుషాన్ని సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది, 2022లో మరోసారి గట్టిగా కాదంది. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, వాంగ్మూలం మహిళా అధికారి రాసుకోవాలి.

ఇంటర్ పిల్లల దగ్గర మరో సంగతి ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లయితే పోలీసులకు చెప్పడం సిబ్బంది ఇష్టాయిష్టాల మీద లేదు, పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం చెప్పితీరాలి. కిందివాళ్ల తప్పును దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు పడవచ్చు. కాలేజీ పరువు కోసం నోరు నొక్కుకోవడం విధేయత అనుకునే వార్డెన్లకు ఈ ఒక్క వాక్యమైనా ఎవరో చదివి వినిపించాలి.

ఇవేవీ రహస్యాలు కావు, అన్నీ చట్టాల్లో, మార్గదర్శకాల్లో ఉన్నవే. కాని అవి ప్రిన్సిపాల్ గదిలో బీరువాలో ఉంటాయి, నోటీసు బోర్డు మీద ఎండకు వెలిసిపోయి ఉంటాయి. ఆయమ్మ దగ్గరికి రావు. శిక్షణ పేరుతో సెమినార్ హాల్లో బ్యానర్ కట్టి, అధ్యాపకులను కూర్చోబెట్టి, ఫొటోలు తీసి పైకి పంపిస్తారు. ఆ పూట ఆయమ్మ బయట టీ కప్పులు కడుగుతూ ఉంటుంది. వాచ్‌మన్ కార్లకు గేటు తీస్తూ ఉంటాడు. రేపు రాత్రి మొదట వినబోయేది వాళ్లిద్దరే.

నాగార్జునలో ఆ అమ్మాయి ఇప్పుడు బతికి ఉంటే ఆర్కిటెక్టు అయి ఉండేది. ఎక్కడో ఒక ఇల్లు, ఒక బడి, ఎండ ఎటునుంచి పడాలో గాలి ఎటునుంచి రావాలో ఆలోచించి గీసి ఉండేది. బాలాసోర్ పిల్ల టీచరై ఉండేది. ఆమె ముందు కూర్చోవలసిన పిల్లలు ఎక్కడో పెరుగుతున్నారు, తమకు ఎవరు లేకుండా పోయారో వాళ్లకు తెలియదు. విశాఖలో పోయిన అమ్మాయి గురించి నాకింతకంటే తెలియదు. ఆమె కాలేజీలో తలచుకున్న ఆ ముఖాలలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ‘ఈమెతో చెప్పొచ్చు’ అనిపించేలా ఉండి ఉంటే ఇవాళ ఆమె ఎక్కడో ఉద్యోగంలో ఉండేదన్న ఆలోచన మాత్రం నన్ను వదలదు.

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల ప్రిన్సిపాళ్లకు, వార్డెన్లకు నా విన్నపం ఒక్కటే. కొత్త బ్యాచి హాస్టల్లో దిగకముందే ఒక పూట కేటాయించండి. దగ్గరి ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మను, స్టేషన్ నుంచి మహిళా అధికారిని, హింసకు గురైన స్త్రీలకు అండగా నిలిచే సఖి కేంద్రం నుంచి ఒకరిని పిలవండి. ఆయమ్మలను, వాచ్‌మన్లను, మెస్ వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. రాత్రి పన్నెండుకు ఎవరికి ఫోను చేయాలో, ఏ బండిలో ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో పేర్లతో సహా రాసి ఆయమ్మ చేతికివ్వండి. అత్యవసరానికి 112, మహిళా హెల్ప్‌లైన్ 181, చిన్నపిల్లలైతే 1098, చచ్చిపోవాలనిపిస్తోందని ఏ పిల్లయినా అంటే టెలీమానస్ 14416. ఈ నంబర్లు ప్రతి అంతస్తులోనూ, పిల్లలు ఒంటరిగా చదువుకోగలిగే చోట, తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించండి.